హెల్మెట్టు కింద పువ్వుల గుడ్డ

2023 వర్షాకాలం. జంషెడ్‌పూర్‌లో బిర్సానగర్ వైపు చిన్న చిన్న కార్ఖానాల వరస ఒకటుంది. అందులో రేకుల కప్పుతో ఉన్న ఒక షెడ్డులో నా ఉద్యోగం. మా దగ్గరికి సరుకు తెచ్చే లారీవాళ్ళు దాన్ని ‘టోపీ ఫ్యాక్టరీ’ అంటారు. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. మేం చేసేవి టోపీలు కావు. యుద్ధ టాంకులు నడిపేవాళ్ళూ, అందులో కూర్చుని ఫిరంగి పేల్చేవాళ్ళూ, వాళ్ళ కమాండర్లూ పెట్టుకునే హెల్మెట్లు.

నా పేరు వరలక్ష్మి. మా నాన్న టాటానగర్ రైల్వేలో ఫిట్టరు. నేను ముందు లారీ సీట్లకి కవర్లు కుట్టే చోట చాలా ఏళ్ళు చేసి, తరవాత ఇక్కడ కుట్టుమిషను దగ్గర చేరాను. ఇప్పుడు లైనర్ సెక్షనుకి ఇన్‌చార్జిని. లైనరంటే హెల్మెట్టు లోపల తలకి ఆనే మెత్తటి భాగమంతా. నా కింద పదకొండుమంది ఆడవాళ్ళు పనిచేస్తారు. వాళ్ళందరికీ ఎదురుగా నేను ‘దీదీ’ని. నోరు పెద్దదని వెనకాల ఇంకో పేరు పెట్టారు. అదేమిటో నాకు తెలుసు, తెలియనట్టే ఉంటాను.

“టాంకంతా ఇనుమే కదా, లోపల కూర్చున్నవాడికి మళ్ళీ హెల్మెట్టెందుకు?” అని మా చుట్టాలు అడుగుతుంటారు. ఇనుము కాబట్టే. గతుకుల్లో ఆ ఇనుముకే తల వెళ్ళి కొట్టుకుంటుంది. కమాండరైతే తల బయటికి పెట్టి చూడాలి, కాబట్టి పైన గట్టి డొప్పలాంటి షెల్ ఉంటుంది. అంతకన్నా పెద్ద సంగతి చెవులది. ఆ ఇంజను రొదలో పక్కవాడు గొంతు చించుకున్నా వినపడదు. అందుకే చెవుల మీదికి గిన్నెల్లాంటి రెండు ఇయర్ కప్పులు వస్తాయి, వాటి లోపల స్పీకర్లు. నోటి ముందుకి సన్నటి కాడ మీద బూమ్ మైకు. వైరు కొసన క్విక్ రిలీజ్ అనే గుండీ ఉంటుంది. ప్రమాదమై దూకాల్సి వస్తే వైరు మనిషిని పట్టుకుని లాగకుండా దానంతట అదే ఊడిపోతుంది. ఇవన్నీ చూపించి చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరుగుతుందని మా ఆయన వెక్కిరిస్తాడు. పెరగనీ.

ఇయర్ కప్పుకీ షెల్‌కీ మధ్య ఒక ప్యాడు కుడతాం. కప్పుని చెవి చుట్టూ నొక్కి పట్టేది అదే. షెల్ అచ్చులోంచి వచ్చేటప్పుడు ఒకటి రవ్వంత వెడల్పుగా, ఒకటి రవ్వంత ఇరుకుగా వస్తుంది. కాబట్టి ప్యాడులు మూడు మందాల్లో ఉంటాయి: పల్చటిది, మధ్యరకం, దళసరిది. నొక్కు ఎక్కువైతే గంటలో తలనొప్పి. తక్కువైతే రొద లోపలికి దూరుతుంది. ఒకసారి కుట్టేశాక సైనికుడు దాన్ని మార్చుకోలేడు. ఏ హెల్మెట్టుకి ఏ ప్యాడు అన్నది వేర్ చెక్‌లో తేలుతుంది. అంటే మనిషి తలకి పెట్టి చూడటం. మొదట అన్నిటికీ మధ్యరకం వేసి మా దగ్గరికి పంపిస్తారు. మేం తలకి పెట్టుకుని, తల ఆడించి, చెంప దగ్గర వేలితో తడిమి, అవసరమైతే మారుస్తాం. ఆ కాగితం మీద సంతకం నాది.

ఇక్కడ మా అలవాటొకటి చెప్పాలి. ఆడవాళ్ళం, తలకి నూనె రాసుకుని జడ వేసుకుంటాం. నేను ఇన్‌చార్జి అయిన కొత్తలో, ఫూల్మణి అనే అమ్మాయి పెట్టుకుని తీసిన హెల్మెట్టు లోపల నూనె మరక కనబడింది. ఫూల్మణి మా సెక్షనులో అందరికన్నా చేయి తిరిగిన మనిషి. అయినా ఆ రోజు దాన్ని తిట్లతో దులిపేశాను. ఎక్కడో ఎవరి బిడ్డో తలకి పెట్టుకునే వస్తువు, దానికి మన జిడ్డు అంటించి పంపుతామా? మర్నాడే స్కూటీ మీద జుగ్సలాయి బజారుకి వెళ్ళి, పసుపుపచ్చ పువ్వుల నూలుగుడ్డ తాను తెచ్చి, ముక్కలు కోసి, అంచులు కుట్టి తలా ఒకటి ఇచ్చాను. జుట్టంతా కప్పి, చెవుల వెనక నుంచి ముడేసుకుని, అప్పుడే హెల్మెట్టు ముట్టుకోవాలి. పూజకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడం లాంటిదన్నమాట. షెడ్డు చూడటానికి వచ్చిన పెద్దవాళ్ళు ఆ పువ్వుల గుడ్డలు చూసి మెచ్చుకుంటే నేను పొంగిపోయేదాన్ని.

ఆ వర్షాకాలంలో కొత్త రకం హెల్మెట్లు ఒక లాటు ట్రయల్‌కి వెళ్ళాయి. అంటే నిజంగా వాడేవాళ్ళు కొన్నాళ్ళు వాడి చూసి బాగోగులు చెప్పడం. మూడు వారాల తరవాత మా మేనేజరు సిన్హా సాబ్ నన్ను తన గదికి పిలిచారు. అక్కడ ఒక మేజర్ గారు, పక్కన ఒక హవల్దారు ఉన్నారు. టేబుల్ మీద మా హెల్మెట్టు.

జరిగింది మేజర్ గారు హిందీలో రెండు ముక్కల్లో చెప్పారు. టాంకు వెనక్కి నడుపుతుండగా కమాండరు ‘రుక్’ అన్నాడు. డ్రైవరు ఆపలేదు. బండి వెళ్ళి ఇటుకగోడని గుద్దింది. వెనకున్న జవాను ఒక గజం పక్కకి దూకబట్టి బతికాడు. ఆ డ్రైవరే ఈ హవల్దారు. పేరు రామినాయుడు.

సిన్హా సాబ్ అప్పటికే ఫైలు తెరిచి పెట్టారు. “మా నాయిస్ టెస్ట్ రిపోర్టు చూడండి సర్. ప్రతి హెల్మెట్టూ పాసైంది. ఇతని చెవులు ఒకసారి చూపిస్తే మంచిదేమో,” అన్నారు మర్యాదగానే. నాయిస్ టెస్ట్ అంటే నకిలీ తలకి హెల్మెట్టు తొడిగి, చుట్టూ రొద పెట్టి, లోపలికి ఎంత వస్తుందో యంత్రంతో కొలవడం. ఆ రిపోర్టులో తప్పేమీ లేదు. అది నాకూ తెలుసు.

“డాక్టరు దగ్గరికి పంపుతున్నాం. వచ్చే వారం మెడికల్ బోర్డు ముందుకి వెళ్తాడు,” అన్నారు మేజర్ గారు. రామినాయుడు నేల చూస్తున్నాడు.

నేను నాలో నేనే, “ఏటి ఖర్మ, మా సరుకు మీద నిందొచ్చింది,” అని గొణుక్కున్నాను. అతను చటుక్కున తలెత్తాడు.

“అప్పా, మనోల్లా?” అన్నాడు. అప్పంటే శ్రీకాకుళం వైపు అక్క.

“మా తాతలది పలాస. నీది ఏ ఊరు తమ్ముడూ?”

“టెక్కలి కాడ.” పై అధికారి ఎదుట హిందీలో చెప్పుకోలేనిదంతా తెలుగులో బయటికొచ్చింది. “ఇనబడితే ఆపకుండా ఉంటానా అప్పా? పదకొండేళ్ళబట్టి బండి తోల్తన్నాను. ఆ కుర్రోడు దూకకపోతే ఏటయ్యుండును? కంటిమీద కునుకు నేదు. ఇప్పుడు నా సెవులు పోనాయంతన్నారు. సెవులు పోనోణ్ణి మళ్ళీ బండెక్కనిస్తారా? స్టోర్లో మూటలు లెక్కెట్టుకోడానికి కూకోబెడతారు.”

నేను సరుకు మీద నింద గురించి గొణుక్కుంటుంటే, అతను ఎవరో కుర్రవాడి ప్రాణం గురించి చెప్తున్నాడు. నాకు సిగ్గేసింది. హెల్మెట్టు తీసి అతని చేతిలో పెట్టాను. “ఒకసారి ఎట్టుకో తమ్ముడూ. పట్టీ నీకు అలవాటైనట్టే బిగించు.”

సరిగ్గానే బిగించాడు. షెల్ కదలటం లేదు. నేను అలవాటు ప్రకారం చెంప దగ్గర, ఇయర్ కప్పు అంచు కింద చూపుడువేలు పెట్టాను. వేలు లోపలికి వెళ్ళిపోయింది. అలా వెళ్ళకూడదు. రెండోవైపు చూశాను. అటూ అంతే. లోపల లేబులు చూస్తే పల్చటి ప్యాడు. దాని పక్కన ఫూల్మణి గుర్తు, కింద నా పొట్టి సంతకం.

ఫూల్మణి అలాంటి పొరపాటు చెయ్యదు. దాన్ని పిలిపించి, ఆ హెల్మెట్టే మళ్ళీ చెక్ చెయ్యమన్నాను. అది ఎప్పటిలాగే మెళ్ళోంచి పువ్వుల గుడ్డ తీసి, జుట్టంతా కప్పి, చెవుల వెనక ముడేసి, హెల్మెట్టు పెట్టుకుంది. తల అటూ ఇటూ ఆడించింది.

“ఏక్‌దమ్ టైట్ హై, దీదీ,” అంది.

నేను వేలు పెట్టి చూశాను. వెళ్ళలేదు. నిజంగానే బిగుతుగా ఉంది.

ఒకవైపు దళసరి జుట్టూ, దాని మీద గుడ్డ మడతా, చెవుల వెనక ముడీ ఉన్న తల. ఇంకోవైపు గీకేసినట్టు కత్తిరించిన సైనికుడి తల. ఆ ఇద్దరి మధ్యా నిలబడి ఉంటే, వాళ్ళెవరికీ దొరకని జవాబు నా కళ్ళ ముందే ఉంది. మేం ఇన్నాళ్ళూ ప్యాడులు కుదిర్చింది మా జుట్టుకీ, మా గుడ్డకీ. సైనికుడి తలకి కాదు. పాత రకం హెల్మెట్టు లోపల ఒత్తుగా ఉండేది కాబట్టి ఆ తేడా తెలిసిరాలేదు. కొత్తది తేలిక, పల్చన. అందులో గుడ్డ మందమంతా లెక్కకొస్తుంది. మరి నాయిస్ టెస్టో? అది వేర్ చెక్‌కి ముందు జరుగుతుంది, మధ్యరకం ప్యాడులతో. పాసై వచ్చినదాన్ని తీసుకుని, మేమే పల్చటివి వేసి పాడుచేసి పంపాం.

గుడ్డలు తెచ్చింది నేను. ముడి ఎలా వెయ్యాలో నేర్పింది నేను.

సిన్హా సాబ్ నా మొహం చూసి కనిపెట్టేశారు. తలుపు దగ్గరికి తీసుకెళ్ళి, “వరలక్ష్మీ జీ, ఏదైనా ఉంటే తరవాత మనలో మనం మాట్లాడుకుందాం. రిపోర్టు మన వైపు ఉంది,” అన్నారు మెల్లగా. ఆయన చెడ్డవాడు కాదు. ఈ లాటు తిరిగొస్తే షెడ్డు పేరు పోతుంది. ఆ భయం నాకూ లేకపోలేదు. నోరు మూసుకుంటే ఆ రోజు గడిచిపోయేది. ఒక మనిషి స్టోర్లోకి వెళ్ళేవాడు, మిగతా హెల్మెట్లు ఇంకెవరి తలల మీదికో వెళ్ళేవి. నా నోరు పెద్దదని పేరు ఎటూ ఉంది. ఆ పెద్ద నోరు ఇప్పుడు పనికిరాకపోతే ఇంకెప్పుడు పనికొస్తుంది?

గదిలోకి వెళ్ళి, “మేజర్ సాబ్, మీరే ఒకసారి పెట్టుకోండి,” అన్నాను.

ఆయన తెల్లబోయారు గాని, లేచారు. మా దగ్గర స్పాంజి గోడల చిన్న గది ఒకటుంది. రెండు పెద్ద స్పీకర్లలో టాంకు ఇంజను మోత పెడతారు. మేజర్ గారు హెల్మెట్టు పెట్టుకుని లోపల స్టూలు మీద కూర్చున్నారు. అద్దం ఇవతల నుంచి నేను మైకులో మాటలు చెప్పాను. దాయే, బాయే, ఆగే, రుక్: అంటే కుడి, ఎడమ, ముందుకి, ఆగు. కదలకుండా కూర్చున్నంతసేపూ అన్నీ తిరిగి చెప్పారు. “ఇప్పుడు బండి గతుకుల్లో వెళ్తున్నట్టు తల ఊపండి సర్,” అన్నాను. ఊపారు. నేను నాలుగు మాటలు చెప్తే ఆయన రెండే చెప్పారు. మళ్ళీ చేశాం. ఈసారి పోయిన మాటల్లో ‘రుక్’ ఉంది.

బయటికొచ్చి హెల్మెట్టు చేతిలో పట్టుకుని, “నా చెవులు బాగానే ఉన్నాయి,” అన్నారాయన, ఎవరితోనూ కాకుండా.

రామినాయుడు ఆ మాట వింటూ నిలబడ్డాడు. అప్పుడతని మొహం చూసినవాళ్ళెవరూ మరిచిపోలేరు.

నేను ఫూల్మణి తలకున్న గుడ్డ విప్పి టేబుల్ మీద పెట్టి మొత్తం చెప్పేశాను. నూనె మరక దగ్గర మొదలుపెట్టి, జుగ్సలాయి తాను దాకా. “తప్పు ఈ పిల్లలది కాదు. నేను చెప్పినట్టు చేశారు. ఆయన చెవులది అంతకన్నా కాదు,” అన్నాను. సిన్హా సాబ్ కళ్ళు మూసుకున్నారు.

తరవాత ఆ కుట్టు విప్పి, మధ్యరకం ప్యాడులు నా చేత్తోనే కుట్టాను. ఈసారి లోపలికి రామినాయుడు వెళ్ళాడు. తల ఎంత ఊపమంటే అంత ఊపాడు, ఊపొద్దన్నా ఊపాడు. నేను చెప్పిన ప్రతి మాటా తిరిగొచ్చింది. చివరికి మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని, తెలుగులో, గుసగుసగా అడిగాను. “భోజనం చేసినావా తమ్ముడూ?”

“నేదప్పా, పొద్దున్నించీ ఏటీ తిన్నేదు,” అని అంత మోతలోనూ జవాబొచ్చింది.

మేజర్ గారు లాటు మొత్తం రిజెక్ట్ అని రాశారు. అది ఆయన పని, రాయాల్సిందే. కింద ఇంకో వాక్యం కూడా రాసి మాకు చదివి వినిపించారు: లోపం హెల్మెట్టు అమరికలో ఉంది, డ్రైవరులో లేదు. ఆ కాగితం ఆయన సంచిలోకి వెళ్ళేదాకా రామినాయుడు దానివైపే చూశాడు.

మా ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర అతనికి పెట్టాను. తింటూ టేబుల్ మీదున్న పువ్వుల గుడ్డని చేత్తో సాపు చేశాడు.

“మా తలకి జిడ్డంటకూడదని ఇది ఏసుకునీవోరా?”

“అవును తమ్ముడూ. ఎంత పని సేసిందో సూసినావు కదా.”

“తిట్టాలో దణ్ణమెట్టాలో తెల్డం నేదప్పా.” గుడ్డని ఇంకోసారి తడిమి, “ఇది నాకిచ్చీరాదూ? బండిలో నా ముందర పెరిస్కోపు అద్దం ఉంటాది. దాన్లోంచే దారి సూడాల. తుడుసుకోడానికి మెత్తటి గుడ్డ గావాల,” అన్నాడు.

ఫూల్మణికి హిందీలో చెప్పాను. అది గుడ్డని అందుకుని, మడతలు పెట్టి, రెండు చేతులతో అతనికిచ్చింది.

సిన్హా సాబ్ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు పని పద్ధతి కాగితం కొత్తది రాసి తెచ్చి నా ముందు పెట్టారు. నాయిస్ టెస్ట్ ఇకమీదట అన్నిటికన్నా చివర. వేర్ చెక్ ఇన్‌చార్జి దగ్గర పేరు ఖాళీ వదిలారు. “మీ పేరు మీరే రాయండి. నాతో రాయించకండి,” అన్నారు. రాసి సంతకం పెట్టాను. ఆ సంతకం నా పెళ్ళి రిజిస్టరులో పెట్టిన దానికన్నా బాగా కుదిరింది.

తిరిగొచ్చిన లాటుని పదకొండుమందీ రెండు ఆదివారాలు వచ్చి సరిచేశారు. నేను రమ్మని అడగలేదు. గుడ్డలన్నీ కుట్టుమిషన్లు తుడవడానికి పోయాయి. మరి తల ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. మా గేటు దగ్గర కాపలా ఉండే పాండేజీది గుండుకి కాస్త ఎక్కువ, క్రాఫుకి కాస్త తక్కువ. వేర్ చెక్ రోజున ఆయన్ని తెచ్చి కుర్చీలో కూర్చోబెడతాం. ఆయన మీసం దువ్వుకుంటూ పెళ్ళికొడుకులా కూర్చుంటాడు. వేళ్ళు మాత్రం మా ఆడవాళ్ళవే. కప్పు అంచు కింద నొక్కు చూసి ప్యాడు చెప్పడంలో ఆ వేళ్ళని మించిన యంత్రం ఇంకా మా షెడ్డుకి రాలేదు.

ఇన్నేళ్ళ పనిలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఆ గుడ్డ దగ్గరే. పని మీద భక్తి ఉండొచ్చు, ఉండాలి కూడా. కానీ ఆ భక్తి నాకు తృప్తినిస్తోందా, అవతలి మనిషికి పనికొస్తోందా అని అప్పుడప్పుడూ వేలు పెట్టి చూసుకోవాలి. కొత్తగా చేరే ప్రతి అమ్మాయికీ ఈ కథ నేనే చెప్తాను, నా తప్పు ఎక్కడుందో దాచకుండా. చెప్పేటప్పుడు సిగ్గు పడతాను. కొంచెం గర్వపడతాను కూడా. ఆ రోజు నోరు మూసుకోలేదు కదా మరి.

దీపావళి ముందు ఒక మధ్యాహ్నం, టీ వేళకి, తెలియని నంబరు నుంచి ఫోనొచ్చింది.

“అప్పా, రామినాయుణ్ణి. బండి దిగి ఇప్పుడే వొచ్చినాను. మీ కొత్త లాటు మాకే వొచ్చింది. పది రోజులబట్టి నానే తోల్తన్నాను.”

నేను ఫోను స్పీకరులో పెట్టి టేబుల్ మీద ఉంచాను. పదకొండుమందీ చుట్టూ మూగారు. వాళ్ళలో ఒక్కరికీ తెలుగు రాదు.

“ఎలా ఇనబడతంది తమ్ముడూ?”

“మా కమాండరు సాబ్ సిన్నగా దగ్గినా ఇనబడతందప్పా. నాను బండి ఆపేత్తన్నాను, ఎందుకాపినావని ఆయన తిడతన్నారు!”

నేను హిందీలో చెప్పాను. షెడ్డంతా గొల్లున నవ్వింది. ఫూల్మణి కొంగుతో కళ్ళు తుడుచుకుని, నూనె అంటని చేతులు ఇంకోసారి కడుక్కుని వచ్చి, తరవాతి హెల్మెట్టు అందుకుంది.